పాతదా, పాత నమూనాదా? విశాఖలో పురాతన తరహా ఫర్నిచర్ ఎంచుకునేవారికి

ఆరేళ్ల కిందట ఒక రాతబల్ల కొన్నాను. నల్లగా మెరిసే టేకు, ఇత్తడి పిడులు, పైన ఆకుపచ్చ తోలు. "జమీందారుల ఇంట్లోదమ్మా, నూట ఇరవై ఏళ్ల నాటిది" అన్నాడు అమ్మినతను. ఇంటికి తెచ్చిన నెలకే వానలు పట్టుకున్నాయి, కుడివైపు సొరుగు బిగుసుకుపోయింది. మా వీధి చివర షెడ్డులో పనిచేసే వడ్రంగి మేస్త్రిని పిలిచాను. ఆయన సొరుగును ఎలాగో బయటికి లాగి బోర్లించాడు. అడుగున ప్లైవుడ్డు. దాన్ని పట్టి ఉంచిన స్క్రూల తలల మీద కూడిక గుర్తు ఆకారంలో గాడి. "ఈ స్క్రూ పుట్టేసరికి మీ జమీందారు ముసలాయన అయి ఉంటాడమ్మా" అని నవ్వాడు.

ఆ రకం స్క్రూ 1930ల నడుమ అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మన ఊళ్లకు చేరడం ఇంకా ఆలస్యం. ఒకటో రెండో కనిపిస్తే ఎప్పుడో మరమ్మతులో మార్చారని సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ అన్నీ అవే, పక్కన పాత రంధ్రం ఆనవాలు ఒక్కటీ లేదు.

ఆ బల్ల ఇప్పటికీ నా గదిలోనే ఉంది, దీన్ని దాని మీదే రాస్తున్నాను. పనితనం చెడ్డది కాదు. నాకు మండింది ఒక్క విషయంలో: పాత నమూనాలో చేసిన కొత్త బల్లకు పాతబల్ల ధర పోశాను. ఆ తర్వాత చుట్టాలు, స్నేహితులు ఈ తరహా సామాను కొనేటప్పుడల్లా నన్ను వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టారు. వంగి అడుగు చూసే మనిషిగా నాకు పేరు పడిపోయింది.

విశాఖలో ఈ మోజు ఉన్నవాళ్లకు నాలుగు దారులున్నాయి. నిజంగా పాతది కొనడం. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన కలపతో కొత్తగా చేసింది కొనడం. పాత నమూనా చూపించి మేస్త్రితో చేయించుకోవడం. లేదా షోరూములోనో ఆన్‌లైన్‌లోనో దొరికే ఫ్యాక్టరీ సరుకు, అంటే "యాంటిక్ లుక్" అని చీటీ అంటించినది. ఈ నాలుగింటిలో మూడు నకళ్లే. నా లెక్కలో నకలు కావడం తప్పు కాదు, నకలునని చెప్పకపోవడం తప్పు.

## ముందు చూడాల్సినవి

చెప్పిన వయసు నిజమేనా? ముందు భాగం ఎవరైనా ముస్తాబు చేస్తారు. వెనక, అడుగు, సొరుగు లోపల చూడండి. చేతి చిత్రికతో చదును చేసిన చెక్క మీద అరచేయి అడ్డంగా రాస్తే సన్నని అలలు తగులుతాయి. గుండ్రటి రంపం కోసిన చెక్క మీద విల్లు లాంటి గీతలుంటాయి, చేతి రంపం గీతలు తిన్నగా ఉంటాయి. సొరుగు మూలల్లో ఒకదానిలో ఒకటి దూరే పళ్ల జాయింటు చేత్తో కోసినదైతే పళ్లు కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటాయి, యంత్రం కోసినవన్నీ ఒకే అచ్చు. గుండ్రటి బల్ల అయితే టేపు తీసి రెండు వైపులా కొలవండి. చెక్క ఏళ్ల తరబడి అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగునా దాదాపు కదలదు. అందుకని ఒకే పలకల వరుసతో చేసిన నిజమైన పాత గుండ్రటి బల్ల ఎప్పుడూ పూర్తి గుండ్రంగా ఉండదు. ఏ వైపు కొలిచినా కచ్చితంగా ఒకే కొలత వస్తే అనుమానించండి.

చెక్కపురుగు రంధ్రాలు చూపించి వయసు నమ్మించేవాళ్లూ ఉన్నారు. పురుగు లోపలే మెలికలు తిరుగుతుంది, బయటికి వచ్చేటప్పుడు మాత్రం చిన్న గుండ్రటి బొక్క చేస్తుంది. గుండుసూది గుచ్చితే తిన్నగా దిగిపోయే బొక్క డ్రిల్లు పెట్టిందే. పైకి కాలువల్లాగా పొడుగ్గా తెరుచుకున్న దారులు కనిపిస్తే, పురుగు తిన్న తర్వాత ఆ చెక్కను మళ్లీ కోశారని అర్థం. కలప పాతది, పని కొత్తది.

జాయింటు. నాకు అన్నిటికన్నా పెద్ద కొలమానం ఇది. కుర్చీ కాలికి తొలిచిన రంధ్రంలోకి పట్టీ చివర నాలుకలా దూరి కూర్చుందా, లేక రెండు ముక్కలు ఆనించి స్క్రూ బిగించి లప్పం పూశారా? మొదటిదాన్ని యాభై ఏళ్ల తర్వాత కూడా విప్పి, జిగురు గీకి, మళ్లీ బిగించవచ్చు. రెండోది ఒకసారి ఊగడం మొదలుపెడితే స్క్రూ కొరికేసిన చెక్కలో ఇక పట్టు దొరకదు.

ఉప్పుగాలి. హైదరాబాదు వాళ్లు రాసిన సలహాలు ఇక్కడ పూర్తిగా పనికిరావు. వానాకాలంలో మన ఇళ్లలో చెక్క ఉబ్బుతుంది, ఎండల్లో తగ్గుతుంది. పాత పనివాళ్లు బీరువా తలుపు పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టింది అందుకే. ఉబ్బడానికి చోటు వదిలారు. తెలియనివాళ్లు ఆ పలకను కూడా జిగురుతో బిగించేస్తారు, రెండు కాలాలు తిరిగేసరికి నడిమధ్య చీలుతుంది. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలో ఇనుప మేకులు, మడతబందులు తుప్పు కక్కి చుట్టూ చెక్కను నల్లబరుస్తాయి. ఇత్తడివి అడగండి. ఇత్తడి రంగు పూసిన ఇనుమును అయస్కాంతం పట్టిచ్చేస్తుంది.

గుమ్మం, లిఫ్టు. చెప్పడానికి చిన్న మాటే గాని, పందిరి మంచం కొని అపార్టుమెంటు కింద ఆరుబయట రాత్రంతా ఉంచినవాళ్లు నాకు తెలుసు. విడదీయడానికి వీలుగా చేసిందో కాదో కొనకముందే అడగండి.

చట్టం. దీనికి ముందు ఈ ఊరి కథ కొంత చెప్పాలి.

## ఈ ఊరి పేరున్న కుర్చీలు

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో దంతం పొదిగిన కుర్చీలు, బీరువాలు, పెట్టెలు ఉన్నాయి. వాటి పక్కన చీటీ మీద ఉండే ఊరి పేరు మనదే, తెల్లవాళ్ల నోట తిరిగిన విజగపటం రూపంలో. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది 1682లో. అటు భీమిలిలో డచ్చివాళ్లు. వాళ్లకు బల్లలు, కుర్చీలు కావాలి. మన పద్ధతిలో నేల మీద కూర్చునేవాళ్ల ఇళ్లలో అవి లేవు. కాబట్టి వాళ్లు తమ దేశపు సామాను చూపించారు, కంసాలి పనివాళ్లు చూసి చేశారు.

ఆకారం మాత్రం పరాయిది. మీది పని అంతా మనది. పొదిగిన దంతం అంచుల్లోని పూలతీగలు ఈ తీరపు కలంకారీ అద్దకం బట్టల మీద కనిపించే తీగలే. దంతాన్ని పలుచని రేకులుగా కోసి చెక్కలో పొదిగేవారు, దాని మీద సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. తెల్లటి దంతం మీద నల్లని గీత, చుట్టూ ముదురు రోజ్‌వుడ్. 1756లో ఇటు వచ్చిన మేజర్ జాన్ కార్నెయిల్ అనే సైనికాధికారి ఈ ఊరి పొదుగు పనిని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందే లండన్ వడ్రంగి థామస్ చిప్పెండేల్ తన కుర్చీలు, బీరువాల నమూనాలను పుస్తకంగా అచ్చు వేశాడు. ఇంగ్లండులో ఆ పుస్తకం చూసి చేసినవాళ్లు ఎందరో, ఆ శైలి గాలి ఇక్కడి కుర్చీలకూ సోకింది. తర్వాతి కాలంలో గంధపు చెక్క మీద మొత్తం దంతం రేకు కప్పిన పెట్టెలు, చిన్న ఇంటి ఆకారంలో కుట్టుపని పెట్టెలు వచ్చాయి.

ఇప్పుడు ప్రపంచం వాటిని అసలైన పురాతన వస్తువులు అంటోంది. చేసిన రోజున అవి నకళ్లు. ఇంగ్లండులోనూ అదే జరిగింది: పద్దెనిమిదో శతాబ్దపు చిప్పెండేల్ కుర్చీలను పందొమ్మిదో శతాబ్దపు వడ్రంగులు మళ్లీ చేశారు, ఆ నకళ్లకే ఇప్పుడు నూరేళ్లు దాటాయి. "నకలు" అని ముక్కు విరిచేవాళ్లకు నేను ఈ మాటే చెబుతాను.

ఇక చట్టం. ఎవరైనా మీకు దంతం పొదిగిన పెట్టె అమ్మజూపితే దణ్ణం పెట్టి వచ్చేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986, 1991లలో చేసిన సవరణలతో దేశంలో ఏనుగు దంతం వ్యాపారం మూతపడింది. "పాతదే కదా" అన్నది సాకు కాదు. తాబేటి చిప్ప, ముళ్లపంది ముళ్లు పొదిగిన పెట్టెల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఇప్పుడు షోరూముల్లో కనిపించే పొదుగు పని చాలావరకు ఒంటె ఎముకది లేదా రెజిన్‌ది. ఎముక మీద సన్నని నల్లచుక్కలు, గీతలు ఉంటాయి, రెజిన్ నున్నగా ఒకే తీరుగా ఉంటుంది.

రెండో చట్టం కూడా 1972దే: పురావస్తువులు, కళానిధుల చట్టం. నూరేళ్లు దాటిన వస్తువు దీని కిందికి వస్తుంది. అలాంటివి అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, మామూలు మనిషి వాటిని దేశం దాటించకూడదు. నాకు రాతబల్ల అమ్మినతన్ని లైసెన్సు చూపించమని ఆనాడే అడిగి ఉంటే, వయసు వెంటనే ఎనభై ఏళ్లకు దిగి ఉండేదేమో.

## నిజంగా పాతది

వన్‌టౌన్, వాల్తేరు ప్రాంతపు పాత ఇళ్లు ఖాళీ అయినప్పుడో, విజయనగరం, బొబ్బిలి వైపు కుటుంబాలు పంపకాలు చేసుకున్నప్పుడో ఇవి బయటికి వస్తాయి. భోషాణాలు, పడక కుర్చీలు, నిలువుటద్దాల బీరువాలు, ఉయ్యాల బల్లలు. కలప మాత్రం ఇప్పుడు కొనలేనిది. పాత అడవి టేకు నెమ్మదిగా పెరిగిన చెట్టు. కోసిన చివర చూస్తే వలయాలు దగ్గర దగ్గరగా, గీత మీద గీతలా ఉంటాయి. ఈ తీరానికి బర్మాతో ఉన్న రాకపోకల వల్ల అక్కడి టేకు మన పాత ఇళ్లలో తక్కువేమీ కాదు.

కష్టాలూ ఉన్నాయి. కొలతలు ఆనాటి మనుషులవి, ఆనాటి గదులవి. పడక కుర్చీలో పడుకోవడం హాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులోంచి లేవడం వేరే కథ. పేము అల్లిక తెగితే అల్లేవాళ్లను వెతుక్కోవాలి. చెదలు ఎక్కడో లోపల కాపురం ఉండవచ్చు. తట్టి చూస్తే గుల్లగా మోగే చోటును వదిలిపెట్టకండి.

పాత వస్తువు ఇంటికి వచ్చాక జనం చేసే మొదటి పొరపాటు కొత్త పాలిష్. మా పెద్దమ్మ ఇంటి భోషాణాన్ని అలాగే పాడుచేశారు. గరుకు కాగితంతో చెక్క తెల్లబడేదాకా రుద్ది, పైన అద్దంలా మెరిసే మెలమైన్ కొట్టించారు. మూత మీద మూడు తరాల చేతులు నిమిరి తెచ్చిన నునుపు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. పాత పాలిష్ చాలాసార్లు స్పిరిట్‌లో కరిగించిన లక్కే. కనపడని మూల ఒక చుక్క స్పిరిట్ వేస్తే అది మెత్తబడుతుంది, ఇప్పటి పీయూ (పాలీయురెథేన్), మెలమైన్ పూతలు కదలవు. లక్క పూత అయితే మొత్తం గీకనక్కర్లేదు. శుభ్రం చేసి, దూదిని గుడ్డలో చుట్టి, దానితో మళ్లీ పలుచగా లక్క పట్టిస్తే చాలు. వేడి కాఫీ గ్లాసు మాత్రం నేరుగా పెట్టకండి, తెల్లటి వలయం పడుతుంది.

## పాత కలప, కొత్త పని

దూలాలు, వాసాలు, తలుపు చట్రాలు విప్పి వాటితో బల్లలు, బెంచీలు చేస్తున్నారు. నాకు ఇష్టమైన రకం ఇది. దశాబ్దాల పాటు ఇంట్లో ఉండి ఆరిన చెక్క కాబట్టి ఇక పెద్దగా వంకర పోదు. నూరేళ్ల కలప తోట టేకు కంటే బరువుగా, గట్టిగా ఉంటుంది.

చిక్కేమిటంటే, కలప వయసును వస్తువు వయసుగా చెప్పి అమ్మడం ఇక్కడే ఎక్కువ. "నూరేళ్ల టేకు" అన్న మాట నిజమే కావచ్చు, "నూరేళ్ల బల్ల" అన్నది కాదు. పనికిరాని చోట పూడ్చిన చదరపు రంధ్రాలు, పాత మేకు తుప్పు మరకలు వెతకండి. నిజాయితీగా అమ్మేవాళ్లు వాటిని దాచరు, అందంగానే చూపిస్తారు. ఇంకో మాట: పాత తలుపుల మీది రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు మన దేశంలో అమలైందే 2017 నవంబరులో. పిల్లలున్న ఇంట్లో పొట్టులు లేచే పాతరంగును "సహజంగా ఉంది" అని అలాగే వదిలేయకండి, పొడిగా రుద్ది ఆ దుమ్మునూ పీల్చకండి.

## మేస్త్రితో చేయించుకోవడం

ఓపిక ఉంటే ఇదే మేలు. ఓపిక లేకపోతే మాత్రం దీని జోలికి పోవద్దు.

రాతబల్ల గొడవ తర్వాత నేను అదే మేస్త్రితో ఒక జత కుర్చీలు, ఒక చిన్న సొరుగుల బీరువా చేయించాను. నమూనా మా తాతగారి కుర్చీ, వంకీ తిరిగిన ముందు కాళ్లు. ఆ కాలు ఎలా వస్తుందో చూస్తే ధర ఎందుకంతో అర్థమవుతుంది. మూడంగుళాల చదరపు ముక్క తీసుకుని, అట్టతో కోసిన నమూనాను రెండు పక్కల పెట్టి గీశాడు. ఒక పక్క కోసి, ఊడిన ముక్కలను మళ్లీ అంటించి, రెండో పక్క కోశాడు. లేకపోతే రెండో పక్క గీతలు తొలి కోతతోనే పోతాయి. తర్వాత ఆకురాయి, ఉలి, గాజుపెంకుతో గీకుడు. ఒక కాలికి ఒక పూట. కాలు సన్నబడే మడమ దగ్గర నార ఎటు నడుస్తోందో చూసి రెండు ముక్కలు పక్కన పడేశాడు. "అక్కడ నార అడ్డం తిరిగితే పెళ్లిలో ఎవరో లావుపాటి బావగారు కూర్చున్నప్పుడు పుటుక్కుమంటుందమ్మా" అన్నాడు. ఖరీదు తగ్గించాలంటే చాలామంది ఆ కాలును రెండు పలకలు అంటించి చేస్తారు. కాలు పొడుగునా సన్నని జిగురు గీత కనిపిస్తుంది, చూసి తీసుకోండి.

కలప డిపోకు మేస్త్రితో కలిసి మీరే వెళ్లండి. "బర్మా టేకు" అన్న మాటను పేరుగా తప్ప పుట్టిన ఊరుగా నమ్మకండి. ఇప్పుడు మార్కెట్లో ఘనా, ఈక్వడార్ వంటి దేశాల తోటల టేకు చాలా ఉంది. అది చెడ్డదని కాదు, అడవి టేకు ధర పెట్టకూడదు. చేవ ఎంత, తెల్ల భాగం ఎంత చూడండి. చెదలకు, పురుగుకు ముందు రుచి తగిలేది ఆ తెల్ల భాగమే. లెక్క కూడా చేతిలో ఉంచుకోండి: ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంగుళం మందం బల్లపలకకు ఒకటిన్నర ఘనపుటడుగు. చిత్రిక పొట్టు, కోతల వృథా కలిపి ఇంకొంత. ఈ లెక్క మీ నోట వింటే డిపోలో మాట తీరే మారుతుంది.

టేకే కావాలని పట్టు అవసరం లేదు. లోపలి భాగాలకు, సొరుగుల పక్కలకు వేప బాగుంటుంది. చిన్న పిడులు, గుబ్బలు రంగుల్లో కావాలంటే మనకు ఏటికొప్పాక దగ్గరే ఉంది. అంకుడు కర్రను తిప్పుతూ లక్క పట్టించే ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా బీరువా పిడులు అక్కడివే. పాత నమూనాకు ఇత్తడే సరైనదని మేస్త్రి గునిసాడు గాని, 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న ఊరి పని మీద నాకు మమకారం.

ఈ దారిలో పెద్ద లాభం కొలతలు. తాతగారి కుర్చీ సీటు పల్లంగా ఉండేది, అమ్మ కోసం పద్దెనిమిది అంగుళాలకు పెంచాం. ఆకారం చెడలేదు. నష్టం ఏమిటంటే, మేస్త్రి ఒప్పుకున్న నెలకు ఇంకో రెండు నెలలు కలుపుకోవాలి. మధ్యలో ఎవరిదో గృహప్రవేశం వస్తుంది, మీ కుర్చీ మూడు కాళ్ల మీద ఆగుతుంది.

## ఫ్యాక్టరీ సరుకు

ఎక్కువ భాగం జోధ్‌పూర్ వైపు నుంచి, మామిడి, షీషమ్, తుమ్మజాతి కలపతో వస్తుంది. కొంత ఎండీఎఫ్, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, దాని మీద వెనీర్ అనే పలుచని చెక్క రేకు. గట్టి చెక్కతో చేసినది ఫరవాలేదు, కాకపోతే ఎడారి గాలిలో ఆరిన చెక్క మన ఊరి జూలై గాలికి నీళ్లు తాగుతుంది, సొరుగులు బిగుస్తాయి. కొన్న ఏడాది సర్దుబాటుకు ఎవరు వస్తారో ముందే అడగాలి. ఎండీఎఫ్ మాత్రం ఇక్కడ వద్దంటాను. రోజూ తడిగుడ్డతో నేల తుడిచే ఇళ్లు మనవి. కాళ్ల అడుగు తడి పీల్చి బిస్కెట్టులా ఉబ్బుతుంది, దానికి మరమ్మతు లేదు. గొలుసుతో కొట్టి తెచ్చిన సొట్టలు, టీ నీళ్లతో తెచ్చిన మరకలు మీకు నచ్చితే నచ్చవచ్చు. నాకు కొత్త పెళ్లికూతురికి నెరిసిన విగ్గు పెట్టినట్టు ఉంటుంది.

## పక్కపక్కన పెడితే

| | నిజంగా పాతది | పాత కలప, కొత్త పని | మేస్త్రి నమూనా | ఫ్యాక్టరీ |
|---|---|---|---|---|
| వయసు మీద నమ్మకం | మీరే పరీక్షించాలి | కలపది మాత్రమే పాత వయసు | సందేహమే లేదు, కొత్తది | కొత్తది, వేషం పాతది |
| కొలతలు | ఉన్నవే | కొంతవరకు మన ఇష్టం | పూర్తిగా మన ఇష్టం | కేటలాగు ప్రకారం |
| ఉప్పుగాలికి | ఇప్పటికే అలవాటుపడింది | బాగా నిలుస్తుంది | కలప ఆరబెట్టడాన్ని బట్టి | తొలి ఏడాది ఇబ్బంది |
| మరమ్మతు | వీలే, తెలిసిన చేతికి ఇవ్వాలి | తేలిక | చేసినవాడే ఉన్నాడు | చెక్కదైతే సరే, ఎండీఎఫ్‌ది కాదు |
| చేతికి రావడం | అదృష్టం | కొద్ది వారాలు | నెలలు | రోజులు |
| మళ్లీ అమ్మితే | మంచి ధర, కాగితాలు ఉంటే | కలప ధర దక్కుతుంది | తక్కువ | చాలా తక్కువ |

## ఎవరికి ఏది

మధురవాడలోనో గాజువాకలోనో అద్దె ఫ్లాటులో ఉంటూ మూడేళ్లకోసారి మారేవాళ్లకు పెద్ద పాత బీరువా శిక్ష. ఒక్క చిన్న పాత వస్తువు, ఒక పడక కుర్చీయో బల్లపెట్టెయో చాలు. మిగతా గదికి గట్టి చెక్క ఫ్యాక్టరీ సామాను పెట్టుకోండి.

సొంత ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లు ఉన్న ఇల్లు, మేస్త్రి దగ్గరకు వెళ్లండి. తలుపులు, కిటికీలు చేసే దశలోనే చెబితే మిగిలిన టేకు ముక్కలే కుర్చీలకు సరిపోవచ్చు.

భీమిలి వైపు హోంస్టే పెట్టేవాళ్లు పాత కలప, కొత్త పని తీసుకోవడం మంచిది. అతిథులు చెమ్మ గ్లాసులు పెడతారు, పిల్లలు ఎక్కి దూకుతారు. నిజమైన పాత సామానును దానికి బలి ఇవ్వనక్కర్లేదు. దాన్ని పాతదని బోర్డు పెట్టి చెప్పనూ అక్కర్లేదు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి "తాతగారి బీరువా పంపండి" అని అడిగే ఇళ్లు మన దగ్గర చాలానే. నూరేళ్లు దాటిందా లేదా అన్నది మొదటి ప్రశ్న, దాటితే పంపలేరు. దాటకపోయినా అది రోజ్‌వుడ్డో షీషమో అయితే ఇంకో తలనొప్పి: ఆ రెండూ చేరిన డాల్బెర్జియా ప్రజాతి మొత్తం 2017 జనవరి నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణలో ఉంది, కాగితాలు కావాలి. ఆ బీరువాను ఇక్కడే ఉంచి, దాని కొలతలతో టేకు నకలు ఒకటి చేయించి పంపడం సులువు. అది నకలేనని రాసి పంపండి.

## ముద్ర

మోసపోయేది మనలాంటివాళ్లమే కాదు. అమెరికాలో అర్మాండ్ లామోంటాన్ అనే శిల్పి 1969లో పదిహేడో శతాబ్దపు నమూనాలో ఒక కుర్చీ చేసి, దాన్ని పొగబెట్టి, కొట్టి, ముసలిదాన్ని చేసి వదిలాడు. పేరున్న హెన్రీ ఫోర్డ్ మ్యూజియం మరుసటి ఏడాది దాన్ని అసలైనదిగా కొంది. 1977లో నిజం బయటికి వచ్చాక ఎక్స్‌రే తీస్తే లోపలి రంధ్రాలు ఆధునిక డ్రిల్లు పెట్టినవని తేలింది. అదే దేశంలో అంతకు ముందు వాలెస్ నటింగ్ అనే ఆయన పాత నమూనాలు చేసి అమ్మేవాడు. తొలుత కాగితపు చీటీ అంటించేవాడు, తర్వాత పేరును చెక్కలోకి కాల్చి ముద్ర వేశాడు. చీటీని గోరుతో లాగేయవచ్చు, కాల్చిన పేరును చిత్రిక పట్టి తీసేయాలి, ఆ గుంట కనిపిస్తుంది.

మా కుర్చీల విషయంలో నేను పెట్టిన షరతులు రెండు. ఒకటి, సీటు కింద ఏడాది కాల్చి రాయాలి. మేస్త్రి ఇనుప చువ్వను కుంపట్లో ఎర్రగా కాల్చి, కుర్చీ బోర్లించి అంకె అంకె నొక్కాడు. షెడ్డంతా టేకు పొగ. తన పేరు కూడా వేయమంటే మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత ఏడాది కన్నా పెద్ద అక్షరాలతో వేసుకున్నాడు. రెండోది, సొమ్ములో పదో వంతు వానాకాలం దాటాకే ఇస్తానన్నాను. కాసేపు గొణిగాడు. బీరువా మేలో ఇంటికి వచ్చింది. ఆగస్టులో పై సొరుగు పట్టేసింది. సెప్టెంబరులో ఒక ఆదివారం వచ్చి, సొరుగు పక్కకు రెండు మార్లు చిత్రిక పట్టి, మైనం రాసి, ఒక్క వేలితో లోపలికి నెట్టి చూపించి, మిగిలిన డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లాడు.